షాక్ ఫిట్స్ ఆగాయి, పీటీజెడ్ ఫిట్స్ ఆగలేదు: వైవాలో ఏం చెప్పాలి?

పానగల్_ఫార్మా (నల్లగొండ)

అందరికీ నమస్తే. నల్లగొండ దగ్గర ఒక కాలేజీలో ఎం.ఫార్మ్ ఫార్మకాలజీ చేస్తున్నాను. సరస్వతి ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌కు మూర్ఛను ఆపే గుణం ఉందా అన్నది నా థీసిస్. మగ విస్టార్ ఎలుకల మీద చేశాను, ఎథికల్ కమిటీ అనుమతి ఉంది.

మొదటి టెస్టు కరెంటు షాక్. చెవులకు క్లిప్పులు పెట్టి 150 మిల్లీ ఆంపియర్లు, 0.2 సెకను. ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చిన ఎలుకల్లో వెనక కాళ్ళు బిగుసుకుపోవడం బాగా తగ్గింది. నేనూ గైడ్ సారూ సంతోషపడ్డాం. రెండోది పీటీజెడ్, అంటే ఫిట్స్ తెప్పించే పెంటిలీన్ టెట్రజోల్ అనే రసాయనం, కిలోకు 60 మి.గ్రా. కడుపులోకి. ఇక్కడ ఎక్స్‌ట్రాక్ట్ ఏమీ చేయలేదు. దానికి తోడు మందు ఇవ్వని కంట్రోల్ గ్రూపులోనే తేడాలు. ఒకే డోసు, ఒకే బరువు, ఒకే ఎనిమల్ హౌస్. కొన్నింటికి ఒకటి రెండు నిమిషాల్లో ఫిట్స్ వచ్చాయి, ఒకటి కాస్త వణికి ఊరుకుంది, ఇంకొకటి మూలన కూర్చుని ముఖం కడుక్కుంటూ ఉంది.

సార్ "డోసు లెక్క తప్పింది, మళ్ళీ చెయ్" అంటున్నారు. నాకేమో డోసు సరిగ్గానే ఉంది అనిపిస్తోంది. వైవా దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది. ఒక టెస్టులో పనిచేసి ఇంకోదాంట్లో పనిచేయకపోతే దాన్ని ఏమనాలి?

రాత్రి_డ్యూటీ (సొంతూరు దేవరకొండ, ఉండేది హైదరాబాద్)

తమ్ముడూ, పీటీజెడ్‌లో దేన్ని ఫిట్స్ అని లెక్కపెట్టావు? ముఖం, ముందు కాళ్ళు కొట్టుకోవడాన్నా, ఎలుక పరుగెత్తి పడిపోయి బిగుసుకోవడాన్నా? రెండూ కలిపి ఒకే కాలమ్‌లో వేశావా?

పానగల్_ఫార్మా

అన్నా, రేసీన్ స్కోరు వాడాను, 0 నుంచి 5. మా సీనియర్ల థీసిస్‌లన్నిటిలో అదే ఉంది.

పిల్లలమర్రి_నీడ (మహబూబ్‌నగర్)

చాలా ఏళ్ళు ఫిజియాలజీ చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్నకు తీరిగ్గా జవాబు రాయాలి, ఓపిక చేసుకొని చదువు నాయనా.

రేసీన్ 1972లో ఆ స్కోరు తయారు చేసింది పీటీజెడ్ కోసం కాదు. ఎలుక మెదడులో అమిగ్డాలా అనే చోట సన్నటి ఎలక్ట్రోడ్ పెట్టి, రోజూ కొద్దిపాటి కరెంటు ఇస్తూ పోతే ఏమవుతుందో చూడడానికి. దానికి ముందు 1967లో గ్రాహం గొడార్డ్ ఈ సంగతి బయటపెట్టాడు. ఆయన చూడాలనుకున్నది ఎలుకల నేర్చుకునే శక్తిని. మొదటి రోజు ఏమీ చేయని కరెంటే కొన్ని రోజులు పోయాక పూర్తి ఫిట్స్ తెప్పించింది. కరెంటు పెరగలేదు, మెదడే మారింది. ఆ మార్పు మెట్లుమెట్లుగా కనిపిస్తుంది: ముందు నోరు కదలడం, తర్వాత తల ఊపడం, ముందు కాళ్ళు కొట్టుకోవడం, వెనక కాళ్ళ మీద లేవడం, లేచి పడిపోవడం. ఫిట్స్ పైమెదడులో పుట్టి పాకుతున్న వరుస అది.

పీటీజెడ్ అలా ఒకచోట మొదలుపెట్టదు. రక్తంలో కలిసి మెదడంతటికీ ఒకేసారి చేరుతుంది. ఎలుక రెండో మెట్టు నుంచి నేరుగా పరుగు, దూకుడు, బిగుసుకోవడం దాకా పోవచ్చు. దాన్ని రేసీన్ మెట్ల మీద కూర్చోబెడితే అంకె వస్తుంది కానీ ఆ అంకెకు అర్థం ఉండదు.

అసలు విషయం ఇది. ఎలుకలో ఫిట్స్‌కు కనీసం రెండు వేర్వేరు వలయాలు ఉన్నాయి. ముఖం, ముందు కాళ్ళు కొట్టుకునేది పైమెదడు పని. పరుగెత్తడం, గెంతడం, నాలుగు కాళ్ళూ బిగుసుకోవడం మెదడు కాండం పని. 1980లలో బ్రౌనింగ్ బృందం ఎలుకల్లో పైమెదడుకూ మెదడు కాండానికీ మధ్య కోత పెట్టి చూసింది. పైమెదడుతో సంబంధం తెగిపోయాక కూడా కింది భాగం తనంతట తానే బిగుసుకునే ఫిట్స్ తెప్పించగలిగింది. నీ షాక్ టెస్టులో వెనక కాళ్ళు బిగుసుకోవడం ఈ కింది వలయం చూపించేది. పీటీజెడ్‌లో ముందుగా వచ్చే వణుకు పై వలయం చూపించేది.

కాబట్టి నీ ఎక్స్‌ట్రాక్ట్ ఒక వలయాన్ని అదుపు చేసి రెండోదాన్ని వదిలేసి ఉండవచ్చు. అది విఫలం కాదు, ఒక సమాచారం. పీటీజెడ్ వీడియోలు ఉంటే మళ్ళీ చూడు. వణుకు మొదలైన సమయం ఒక కాలమ్‌లో, బిగుసుకోవడం ఇంకో కాలమ్‌లో వెయ్యి. బిగుసుకోవడం ఒక్కటే తగ్గి ఉంటే మీ సార్‌కు చూపించడానికి గట్టి సంగతే దొరికినట్టు.

పానగల్_ఫార్మా

సార్, వీడియోలు ఉన్నాయి, ఫోన్‌లో తీసినవి. ఇప్పుడే కూర్చుంటాను.

ప్రశ్నల_పుట్ట (సూర్యాపేట)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. ఒక ఎలుకకు షాక్ ఇచ్చి, ఇంకోదానికి విషం ఎక్కించి, వచ్చిన రెండు జవాబులూ ఒకదానికొకటి పొసగక, మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ అన్ని ఎలుకలు. దీంతో మూర్ఛ ఉన్న మనిషికి ఒరిగేదేమిటి? ఎలుకకు నిజంగా మూర్ఛ జబ్బు లేదు కదా, మీరు తెప్పిస్తున్నారు.

పిల్లలమర్రి_నీడ

మంచి ప్రశ్న. ఈ రంగంలోనే ఈ ప్రశ్న అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు.

ముందు ఒరిగింది చెబుతాను. 1938లో బోస్టన్‌లో మెరిట్, పుట్నం అనే ఇద్దరు పిల్లులకు కరెంటు పెట్టి, ఫిట్స్ రావడానికి ఎంత కరెంటు కావాలో కొలిచారు. మందు ఇచ్చాక ఆ కరెంటు పెరుగుతుందా అని ఒక్కొక్క రసాయనాన్నీ పరీక్షించారు. అలా దొరికిందే ఫెనిటోయిన్. ఈ రోజుకీ మన జిల్లా ఆసుపత్రుల్లో అది లేకుండా గడవదు. దానికి ముందున్న ఫినోబార్బిటాల్ మనిషిని మత్తులో ఉంచేది. మత్తు లేకుండా ఫిట్స్ ఆపవచ్చని తేల్చింది ఆ పిల్లుల ప్రయోగమే.

ఇక పొసగకపోవడం గురించి. ఫెనిటోయిన్ షాక్ టెస్టులో గెలిచి పీటీజెడ్‌లో ఓడుతుంది. ఇథోసక్సిమైడ్ సరిగ్గా తలకిందులు, పీటీజెడ్‌లో గెలిచి షాక్‌లో ఓడుతుంది. వాల్‌ప్రోయేట్ రెండింటిలోనూ గెలుస్తుంది. దీన్ని చూసి చాలా ఏళ్ళపాటు ఒక సూత్రం నడిచింది: షాక్‌లో గెలిస్తే పెద్ద ఫిట్స్‌కు పనికొస్తుంది, పీటీజెడ్‌లో గెలిస్తే పిల్లలు కాసేపు శూన్యంలోకి చూస్తుండిపోయే ఆబ్సెన్స్ ఫిట్స్‌కు పనికొస్తుంది. ఆ సూత్రం సగమే నిలిచింది. టియాగాబిన్ పీటీజెడ్‌లో గెలుస్తుంది కానీ ఆబ్సెన్స్ ఫిట్స్‌ను ఎక్కువ చేస్తుంది. లామోట్రిజిన్ పీటీజెడ్‌లో ఓడి కూడా ఆబ్సెన్స్ ఉన్న పిల్లలకు పనిచేస్తుంది.

ఇంకా పెద్ద దెబ్బ లెవెటిరాసెటామ్. ఇప్పుడు డాక్టర్లు ఎక్కువగా రాసే మందుల్లో ఒకటి. మామూలు షాక్ టెస్టులోనూ పీటీజెడ్ టెస్టులోనూ అది ఓడిపోయింది! ఆ రెండే చూసి ఉంటే చెత్తబుట్టలో పడేది. పెద్ద శబ్దం వింటే ఫిట్స్ వచ్చే జాతి ఎలుకల్లోనూ, గొడార్డ్ పద్ధతిలో మెదడు మారిపోయిన ఎలుకల్లోనూ చూస్తే పనిచేసింది. 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది మెదడులో దేన్ని పట్టుకుంటుందో తెలిసింది 2004లో, ఎస్‌వీ2ఏ అనే ప్రొటీన్. ఆరోగ్యంగా ఉన్న ఎలుకకు బలవంతంగా తెప్పించిన ఫిట్స్ వేరు, ఫిట్స్‌కు అలవాటుపడిన మెదడు వేరు. మీరు అడిగింది ఇదే అయితే మీతో ఏకీభవిస్తాను.

ప్రశ్నల_పుట్ట

సగం ఒప్పుకున్నందుకు సంతోషం సార్. మిగతా సగం తర్వాత.

మూగజీవాల_డాక్టర్ (అచ్చంపేట)

కంట్రోల్ గ్రూపులో తేడాల గురించి ఎవరూ మాట్లాడలేదు. అసలు తమాషా అక్కడే ఉంది.

విస్టార్ ఎలుకలన్నీ తెల్లగా ఒకేలా కనిపిస్తాయి, జన్యుపరంగా ఒకటి కావు. దగ్గరి రక్తసంబంధం ఉన్నవాటినే జతకట్టిస్తూ తరాలుగా పెంచిన చిట్టెలుక జాతులైతే వేరు. వాటిలో డీబీఏ/2, సీ57బీఎల్/6 అనే రెండు జాతులను పక్కపక్కన పెట్టి చూడండి. డీబీఏ/2కు పీటీజెడ్ అయినా షాక్ అయినా తక్కువ డోసుకే ఫిట్స్. సుమారు 3 వారాల వయసులో గట్టిగా గంట మోగిస్తే చాలు, పిచ్చిగా పరుగెత్తి, పడి, బిగుసుకుని, ఒక్కోసారి ఊపిరి ఆగి చచ్చిపోతుంది. ఆ శబ్దపు ఫిట్స్ పుట్టేది ఇన్‌ఫీరియర్ కాలిక్యులస్ దగ్గర, చెవి నుంచి వచ్చే సంకేతాలు ఆగే మజిలీ అది. పెద్దయ్యాక ఆ గుణం చాలావరకు తగ్గిపోతుంది.

ఈ రెండు జాతుల తేడా వెనక ఉన్న జన్యువుల కోసం వెతికితే బలంగా అనుమానం పడినవాటిలో ఒకటి కేసీఎన్‌జే10. అది నాడీకణాల్లో కంటే వాటి పక్కనుండి పనివాళ్ళలా సాయపడే ఆస్ట్రోసైట్లు అనే కణాల్లో ఎక్కువ పనిచేస్తుంది. నాడీకణం సంకేతం పంపినప్పుడల్లా బయటకు పొటాషియం వస్తుంది. దాన్ని ఆస్ట్రోసైట్ పీల్చుకోకపోతే చుట్టుపక్కల కణాలన్నీ ఉలిక్కిపడే స్థితిలో ఉంటాయి. ఫిట్స్ అంటే అందరూ నాడీకణాలనే తిడతారు, పనివాళ్ళను ఎవరూ అడగరు.

ఇంకొకటి. వినాయక చవితి రోజుల్లో చేశావా? మా ఊళ్ళో డీజే పెడితే బర్రెలు పాలివ్వవు.

పానగల్_ఫార్మా

చవితికి కాదు సార్ 😀 కానీ ఎనిమల్ హౌస్ పక్కనే జనరేటర్ ఉంది.

పిల్లలమర్రి_నీడ

విస్టార్‌లలో శబ్దానికి ఫిట్స్ రావడం అరుదు. ఆ గుణం కోసం ఏరి ఏరి పెంచిన విస్టార్ వంశం బ్రెజిల్‌లో ఉంది, మన దగ్గర మామూలుగా దొరికేవి అవి కావు. అయినా జనరేటర్‌ను కొట్టిపారేయకు, శబ్దంతో ఒత్తిడి వస్తుంది.

ఒత్తిడి ఫిట్స్‌ను పెంచుతుందని అందరూ అనుకుంటారు. ఎలుకల్లో అప్పటికప్పుడు కలిగే ఒత్తిడి ఒక్కోసారి ఎదురు పనిచేస్తుంది. 2002లో రెడ్డి, రోగావ్‌స్కీ ఎలుకలను నీళ్ళలో ఈదించి తర్వాత పీటీజెడ్ ఇచ్చారు. ఈదినవాటికి ఫిట్స్ రావడానికి ఎక్కువ పీటీజెడ్ కావలసివచ్చింది. అడ్రినల్ గ్రంథి తీసేస్తే ఆ రక్షణ పోయింది. ఫినాస్టెరైడ్ ఇచ్చినా పోయింది. ఎందుకంటే ఒత్తిడిలో అడ్రినల్ నుంచి వచ్చే ఒక స్టెరాయిడ్‌ను శరీరం న్యూరోస్టెరాయిడ్‌గా మారుస్తుంది, అది గాబా (మెదడులో సంకేతాలను అణచే రసాయనం) వచ్చి పట్టుకునే రిసెప్టార్‌ను బలపరుస్తుంది. ఆ మార్పు జరగకుండా చేసేది ఫినాస్టెరైడ్. బట్టతల మందుగా మీ షాపుల్లో అమ్మేది అదే.

ఇప్పుడు నీ ప్రయోగంలో చూడు. మొదట పట్టుకున్న ఎలుక ప్రశాంతంగా ఉంటుంది. చివరి ఎలుక తన తోటివాళ్ళ కేకలు విని, రెండుసార్లు చేతికి చిక్కి తప్పించుకుని, అప్పుడు సూది పొడిపించుకుంటుంది. ఆ ముఖం కడుక్కున్న ఎలుక వరుసలో ఎన్నోది?

ఆడ ఎలుకలైతే ఇంకా చిక్కు. ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉన్న రోజు రక్షణ, అది ఒక్కసారిగా పడిపోయిన రోజు ప్రమాదం. నెలసరి దగ్గర ఫిట్స్ ఎక్కువయ్యే స్త్రీలకు ఇది చెప్పనక్కరలేదు. అందుకే చాలా కాలేజీల్లో మగవాటినే వాడి చేతులు దులుపుకుంటారు. నాకైతే అది సోమరితనం అనిపిస్తుంది, మూర్ఛ మగవాళ్ళకు మాత్రమే వచ్చే జబ్బు కాదు.

రాత్రి_డ్యూటీ

సార్ చెప్పిన రెండు వలయాలకు ఒకటి కలుపుతాను. ఫిట్స్ పుట్టే చోటు వేరు, వాటిని దాటనిచ్చే చోటు వేరు. చెరువు ఎంత నిండినా కింది పొలానికి నీళ్ళు పోవాలా వద్దా అనేది తూము దగ్గర తేలుతుంది. ఎలుక మెదడులో అలాంటి తూము సబ్‌స్టాన్షియా నైగ్రా. పార్కిన్సన్స్ వల్ల అందరికీ తెలిసిన పేరే, కానీ ఇక్కడ డోపమైన్ భాగం కాదు, దాని పక్కనున్న రెటిక్యులేటా భాగం.

1982లో ఐయడరోలా, కారెన్ గేల్ ఎలుక మెదడులో సరిగ్గా ఆ ప్రాంతంలో గాబా పెరిగేలా చేశారు. నైగ్రా నోరు మూయించారన్నమాట. షాక్, పీటీజెడ్, గాబాను అడ్డుకునే బైకుకులిన్, మూడింటి ఫిట్స్‌కూ రక్షణ దొరికింది. ఫిట్స్ అక్కడ పుట్టడం లేదు, అయినా అక్కడ అదుపు చేస్తే ఆగుతున్నాయి. నైగ్రా మామూలుగా నడిమెదడులోని సుపీరియర్ కాలిక్యులస్‌ను అణచి ఉంచుతుంది. నైగ్రా ఊరుకుంటే కాలిక్యులస్ తేరుకుంటుంది, అది తేరుకుంటే ఫిట్స్‌కు దారి కష్టమవుతుంది. అదే గేల్ బృందం 1985లో తలకిందుల చోటునూ పట్టుకుంది. వాసన పసిగట్టే పిరిఫార్మ్ కార్టెక్స్ లోపల చిన్న బిందువు, అక్కడ బైకుకులిన్ అతి కొద్దిగా వేస్తే ఫిట్స్ వస్తాయి. దాని పేరు ఏరియా టెంపెస్టాస్.

నాకు ఎక్కువ నచ్చేది సొలొమన్ మోషే చేసిన పని. పెద్ద ఎలుక నైగ్రా ముందు భాగంలో గాబాలా పనిచేసే మస్సిమాల్ వేస్తే ఫిట్స్ తగ్గాయి. సుమారు 15 రోజుల మగ పిల్లల్లో అదే మందు అదే నైగ్రాలో వేస్తే ఫిట్స్ ఇంకా సులువుగా వచ్చాయి. ఆడ పిల్లల్లో అలా కాలేదు. ఒకే చోటు, ఒకే మందు, వయసూ లింగమూ మారితే జవాబు మారింది. పానగల్ తమ్ముడూ, నీ ఎలుకలన్నీ ఒకే బరువు అన్నావు. ఒకే వయసా?

పానగల్_ఫార్మా

బరువే చూశాం అన్నా. వయసు సప్లయర్ చెప్పిందే.

జడ్చర్ల_అక్క

మీ పెద్ద మాటలు నాకు అన్నీ అర్థం కాలేదు కానీ ఒకటి అడుగుతా. మా తమ్మునికి తలస్నానం చేసినప్పుడే ఫిట్స్ వస్తయి. కాగులో మరిగిన నీళ్ళు చెంబుతో తల మీద గబగబా పోసుకుంటడు. చల్లటి నీళ్ళతో చేస్తే ఏం కాదు. ఊళ్ళో కొందరు గాలి సోకింది అంటున్నరు. ఎలుకల మీద ఇట్లాంటిది చూశారా ఎవరైనా?

రాత్రి_డ్యూటీ

చూశారు అక్కా. బెంగళూరు నిమ్హాన్స్‌లో సతీశ్‌చంద్ర గారి బృందం దీని మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. దీన్ని హాట్ వాటర్ ఎపిలెప్సీ అంటారు. ప్రపంచంలో ఎక్కువగా కనిపించేది దక్షిణ భారతంలోనే, ముఖ్యంగా కర్ణాటకలో. పాలమూరుకు ఎంత దూరమో మీకే తెలుసు. గాలీ లేదు, ధూళీ లేదు.

వాళ్ళు ఎలుకల మీద వేడి నీళ్ళు పోసి చూశారు. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటాక ఫిట్స్ వచ్చాయి. ముఖ్యమైన సంగతి తర్వాత వచ్చింది. కొన్ని రోజుల తేడాతో మళ్ళీ మళ్ళీ చేస్తే అంతకంటే తక్కువ వేడికే ఫిట్స్ రాసాగాయి, ఎక్కువసేపు ఉన్నాయి కూడా. గొడార్డ్ కరెంటుతో చూసిందే వీళ్ళు వేడి నీళ్ళతో చూశారు. అందుకని "స్నానం చేసినప్పుడే కదా" అని వదిలేయవద్దు.

వేడికి ఫిట్స్ ఎందుకు అనేదానికి ఇంకో ఎలుక కథ ఉంది. సోడియం ఛానెల్‌ను తయారుచేసే ఎస్‌సీఎన్1ఏ జన్యువు ఒక కాపీ పోయిన చిట్టెలుకలకు ఒంటి వేడి పెంచితే ఫిట్స్ వస్తాయి. డ్రావే సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఉండే లోపం అదే. 2006లో కాటరాల్ బృందం తేల్చింది ఏమిటంటే, ఆ లోపం వల్ల నీరసపడేది మిగతావాటిని అణచి ఉంచే కణాలు. ఉద్రేకం పెరగలేదు, అదుపు తగ్గింది. అందుకే సోడియం ఛానెళ్ళను మూసే ఫెనిటోయిన్ లాంటి మందులు ఆ పిల్లలకు హాని చేస్తాయి. మీ తమ్మునికి ఉన్నది డ్రావే అని నేను అనడం లేదు, అది పసితనంలోనే తీవ్రంగా మొదలయ్యే జబ్బు.

నీళ్ళు గోరువెచ్చగా ఉంచండి, తల మీద ఒక్కసారిగా పోయొద్దు, తలుపు గడియ పెట్టనివ్వద్దు. చాలామందికి ఇంతతోనే తగ్గుతుంది. తగ్గకపోతే తలస్నానానికి ముందు మాత్రమే వేసుకునే క్లోబజామ్ ఉంది, అది డాక్టర్ చూసి రాయాలి. స్నానం లేకుండా కూడా ఎప్పుడైనా వచ్చాయా?

జడ్చర్ల_అక్క

ఒకసారి నిద్రలో వచ్చిందని మా అమ్మ అంటది.

రాత్రి_డ్యూటీ

అయితే ఆలస్యం చేయకండి. న్యూరాలజిస్టుకు చూపించి ఈఈజీ తీయించండి. నిద్రలో వచ్చింది తప్పకుండా చెప్పండి, రోజూ మందు కావాలా వద్దా అనేది దాని మీద ఆధారపడి ఉంటుంది.

తెల్ల_బంగారం (మునుగోడు)

పత్తికి మందు కొట్టేటప్పుడు ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్ళను చూసినోణ్ణి. ఎండోసల్ఫాన్ ఉన్న రోజుల్లో ఎక్కువ. ఆ తర్వాత మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ కొట్టేకాడ నురగ, చెమట, తర్వాత ఫిట్స్. రెండూ ఒకటేనా?

పిల్లలమర్రి_నీడ

ఒకటి కాదు, ఈ తేడా తెలియడం అవసరం.

ఎండోసల్ఫాన్ గాబా రిసెప్టార్‌లోని క్లోరైడ్ దారిని మూస్తుంది. పానగల్ ఎలుకలకు ఇస్తున్న పీటీజెడ్ అడ్డుపడేది కూడా ఆ దారికే. అణచే సంకేతం వస్తుంది కానీ లోపలికి పోదు. ఎండోసల్ఫాన్‌ను కొద్ది డోసుల్లో పలుమార్లు ఇస్తే ఎలుక మెదడు క్రమంగా ఫిట్స్‌కు అలవాటుపడుతుందని 1990ల మొదట్లోనే ప్రయోగాల్లో కనిపించింది. సుప్రీంకోర్టు 2011 మేలో దాన్ని దేశమంతా ఆపించింది.

మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్ ఇంకో దారి. అవి నాడుల సంకేతాలు మోసే ఎసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌ను పట్టుకుంటాయి. నురగ, చెమట, చిన్నదైపోయిన కనుపాప, అన్నీ పేరుకుపోయిన ఎసిటైల్‌కోలిన్ వల్లే. ఫిట్స్ కూడా మొదట దాని వల్లే వస్తాయి. కాసేపయ్యాక మాత్రం నాడీకణాలను ఉద్రేకపరిచే గ్లూటమేట్ వాటిని నడిపిస్తుంది. అప్పుడు ఎసిటైల్‌కోలిన్‌కు విరుగుడైన అట్రోపిన్ ఎంత ఎక్కించినా ఫిట్స్ ఆగవు, వేరే మందు కావాలి.

ఆ వేరే మందుకూ గడువు ఉంది. 1997లో కపూర్, మెక్‌డొనాల్డ్ ఎలుకలకు ఆగని ఫిట్స్ తెప్పించి డయాజెపామ్ ఇచ్చారు. 10 నిమిషాలకు ఇస్తే తక్కువ డోసుతో ఆగాయి. 45 నిమిషాలకు ఇస్తే సుమారు పదింతల డోసు కావలసివచ్చింది. తర్వాత 2005లో కారణం తెలిసింది: ఫిట్స్ సాగుతున్న కొద్దీ నాడీకణం తన పైపొర మీదున్న గాబా రిసెప్టార్లను లోపలికి లాక్కుంటుంది. డయాజెపామ్ వచ్చేసరికి అది పట్టుకోవడానికి రిసెప్టార్ ఉండదు. చేను నుంచి ఆసుపత్రికి పోయే దారిలో పోయే సమయం ఖరీదు అది. నిమ్మకాయ పెట్టడం, తాళంచెవులు పట్టించడం దగ్గర ఆగిపోవద్దని ఊళ్ళో చెప్పండి. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, మందు పడ్డ బట్టలు విప్పి, 108కు ఫోన్ చేయండి. డబ్బా కూడా వెంట తీసుకుపోండి.

తెల్ల_బంగారం

డబ్బా సంగతి ఎవరికీ తెల్వదు సార్. మా రైతుల గ్రూపులో పెడతా.

ప్రశ్నల_పుట్ట

మిగతా సగానికి వచ్చాను. ఇదంతా ఎలుకలతోనే తేలాలా? జీబ్రా చేపల పిల్లల మీద కూడా పీటీజెడ్ పరీక్షలు చేస్తున్నారని చదివాను.

రాత్రి_డ్యూటీ

చేస్తున్నారు. 2005లో బరాబాన్ బృందం నీళ్ళలో పీటీజెడ్ కలిపి, చేప పిల్లలు గిరగిరా తిరిగి బిగుసుకోవడం చూపించింది. 2013లో డ్రావే లోపం ఉన్న చేప పిల్లల మీద చాలా మందులు వరసగా పరీక్షించి క్లెమిజోల్ అనే పాత ఎలర్జీ మందును పట్టుకుంది. వందల రసాయనాల్లోంచి పనికిరానివి ఏరివేయడానికి చేపే మేలు, ఎలుకలు చాలా మిగులుతాయి. నైగ్రా గురించో నిద్ర గురించో నెలసరి గురించో అడగాలంటే మాత్రం చేప సరిపోదు.

పానగల్_ఫార్మా

వీడియోలన్నీ మళ్ళీ చూశాను. వణుకు మొదలైన సమయంలో కంట్రోల్‌కూ ఎక్స్‌ట్రాక్ట్‌కూ తేడా లేదు. కానీ పరుగు, బిగుసుకోవడం ఎక్స్‌ట్రాక్ట్ గ్రూపులో తక్కువ ఎలుకల్లోనే ఉంది. షాక్ టెస్టు చెప్పినదాంతో కలుస్తోంది! సార్‌కు చూపిస్తే మళ్ళీ చెయ్యడం సంగతి పక్కనపెట్టి, ముందు పట్టిక వేసుకురా అన్నారు.

ఒక సందేహం. ముఖం కడుక్కున్న ఎలుకను లెక్కలోంచి తీసేయవచ్చా? సీనియర్లు తీసేయమంటున్నారు.

పిల్లలమర్రి_నీడ

తీసేయకు. 30 నిమిషాలు చూశావు కదా, దాని సమయం 30 నిమిషాలు అని వేసి, ఫిట్స్ రాలేదు అని గుర్తు పెట్టు. సగటు కాకుండా మధ్యస్థ విలువ ఇవ్వు. నచ్చని ఎలుకను తీసేసే అలవాటు ఒకసారి పడితే ప్రతి గ్రూపులోనూ ఒక నచ్చని ఎలుక దొరుకుతుంది. ఎక్స్‌ట్రాక్ట్ నైగ్రా మీద పనిచేస్తుందని మాత్రం రాయకు, నువ్వు అక్కడ ఏమీ కొలవలేదు. బిగుసుకునే దశ మీద ప్రభావం కనిపించింది, అంతవరకే.

ఎగ్జామినర్ "ఫెనిటోయిన్ లాంటిదా?" అని అడుగుతాడు. ప్రొఫైల్ అటువైపు ఉంది, సోడియం ఛానెల్ పరీక్ష చేయలేదు అని చెప్పు.

మూగజీవాల_డాక్టర్

తీసేయొద్దన్నది నిజమే, కానీ ముందు ఇంకొకటి చూసుకో. కడుపులోకి సూది ఏ వైపు గుచ్చారు? ఎలుకకు సీకం అనే పేగు సంచి మామూలుగా ఎడమ వైపు ఉంటుంది, అందుకే కుడి వైపు కింద గుచ్చమంటారు. సూది పేగులోకి పోతే పీటీజెడ్ ఆలస్యంగా, తక్కువగా రక్తంలోకి చేరుతుంది. ఎలుక హాయిగా ముఖం కడుక్కుంటుంది, మీరేమో దాని మెదడు గురించి పేజీలు రాస్తారు. గుచ్చాక వెనక్కి లాగి చూశారా? ఆ రోజు సూది పట్టినవాళ్ళను అడిగి ఇక్కడ రాయి.